క్యాంపస్ పరిచర్యకు సేవకుణ్ని ఎలా సిద్ధం చేయాలి, ఎలా నిలబెట్టాలి: వరంగల్, ఉత్తర తెలంగాణ సంఘాల కోసం

హనుమకొండ, కాజీపేట, వరంగల్ సంఘాల పెద్దలు పదేపదే అడిగే ప్రశ్నలు మూడున్నాయి. యూనివర్సిటీ పిల్లల మధ్య పనిచేయడానికి ఒకరిని పెడదామనుకుంటున్నాం, ఎక్కడ మొదలుపెట్టాలి? నెలకు ఎంత ఇవ్వాలి? ఇంతకుముందు పెట్టిన తమ్ముడు రెండేళ్లు తిరగకుండానే మానేశాడు, ఎందుకు? మూడో ప్రశ్నకు జవాబు దొరికితే మొదటి రెండింటికీ దారి దొరుకుతుంది. చాలాచోట్ల జరిగేది ఇదే: బైబిల్ కాలేజీ నుంచి వచ్చిన ఒక యువకుడిని ఆదివారం ముందుకు పిలిచి, తలమీద చేతులుంచి ప్రార్థన చేసి, సోమవారం క్యాంపస్ గేటు దగ్గర వదిలేస్తారు. ఏం చేయాలో నేర్పినవాళ్లు ఉండరు, నెల మొదట్లో డబ్బు రాదు, కష్టం చెప్పుకోవడానికి పెద్దదిక్కు ఉండదు. ఆ తమ్ముడు వెళ్లిపోతే పోయేది అతనొక్కడే కాదు. అతన్ని ‘అన్నా’ అని నమ్ముకున్న పది పన్నెండు మంది పిల్లలు సంఘం మీదే నమ్మకం పోగొట్టుకుంటారు. ఈ గైడ్ పాస్టర్లకు, సంఘ పెద్దలకు, ఈ పనికి కూర్చునే కమిటీలకు.

ముందుగా సమకూర్చుకోవాల్సినవి

- ముగ్గురి నుంచి ఐదుగురి కమిటీ. అందులో ఒక మహిళ, కాలేజీలో పాఠం చెప్పే ఒకరు, లెక్కలు తెలిసిన ఒకరు తప్పనిసరి. పాస్టర్ గారు ఉండవచ్చు గానీ అన్నీ ఆయన మీదే పడకూడదు.
- సేవకుడి ఖర్చుకు కనీసం ఆరు నెలల డబ్బు ముందే బ్యాంకులో ఉండాలి.
- నెలనెలా ఇస్తామని రాసి సంతకం పెట్టిన 25 నుంచి 30 కుటుంబాలు. నోటిమాట లెక్కలోకి రాదు.
- క్యాంపస్‌కు నడిచి వెళ్లగల దూరంలో పదిమంది కూర్చునే గది. ఒక విశ్వాసి ఇంటి హాలైనా సరిపోతుంది.
- ఏడాది శిక్షణ ఇవ్వడానికి ఒప్పుకున్న అనుభవజ్ఞుడు ఒకరు. విద్యార్థుల మధ్య పనిచేసినవారైతేనే మేలు. మంచి ప్రసంగికుడు అయినంత మాత్రాన సరిపోదు.

1. ఏ క్యాంపస్ అన్నది ముందు తేల్చుకోండి

‘వరంగల్ కాలేజీలన్నీ’ అని రాసుకుంటే ఏ కాలేజీ పనీ జరగదు. ఒక మనిషి ఒక పెద్ద క్యాంపస్‌ను, దాని పక్కన మహా అయితే ఇంకో చిన్న కాలేజీని చూడగలడు. మూడు క్యాంపస్‌లు అప్పగిస్తే బండి మీద తిరగడంతోనే రోజు గడిచిపోతుంది.

ఇక్కడి క్యాంపస్‌లు ఒకదానికొకటి పోలిక లేనివి. కాకతీయ యూనివర్సిటీలో ఎక్కువమంది ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, మంచిర్యాల వైపు పల్లెల నుంచి వచ్చిన పిల్లలు. ఇంట్లో డిగ్రీ దాటిన మొదటి మనిషి వాళ్లే కావడం ఇక్కడ మామూలు. పీజీతోపాటు గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబుల్ పరీక్షలకు చదువుతుంటారు. వాళ్లతో తెలుగులోనే, అదీ వాళ్ల యాసకు దగ్గరగా మాట్లాడాలి. నిట్ వేరే లోకం. సీట్లలో సగం రాష్ట్ర కోటా, మిగతా సగం దేశం నలుమూలల నుంచి వచ్చినవాళ్లవి. అక్కడ ఇంగ్లిష్ రాని సేవకుడు సగం హాస్టల్‌ను పోగొట్టుకున్నట్టే. కాకతీయ మెడికల్ కాలేజీ పిల్లలకు ఎంజీఎం ఆసుపత్రి డ్యూటీలు మొదలయ్యాక వారం వారం ఒకే సమయం కుదరదు. అక్కడ ముగ్గురు నలుగురి చిన్న గుంపు, 40 నిమిషాలు, డ్యూటీని బట్టి మారే వేళ అనుకుంటేనే నడుస్తుంది.

ఉత్తరాన ఉన్నవాళ్లకు కరీంనగర్‌లో శాతవాహన, డిచ్‌పల్లిలో తెలంగాణ యూనివర్సిటీ ఉన్నాయి. బాసర ట్రిపుల్ ఐటీ విషయంలో ఒక జాగ్రత్త. అక్కడ పదో తరగతి అవ్వగానే చేరుతారు. మొదటి రెండేళ్లలో దాదాపు అందరూ 18 నిండనివాళ్లే. తల్లిదండ్రుల అనుమతి లేకుండా వాళ్లను ఏ కూడికకూ, ఏ క్యాంపుకూ తీసుకెళ్లొద్దు. వరంగల్‌లో ఇంటర్ పిల్లలకూ, 17 ఏళ్లకే బీటెక్‌లో చేరినవాళ్లకూ ఇదే నియమం.

ఇంకొక పని. మీరు అడుగు పెట్టేముందు అక్కడ ఎవరు పనిచేస్తున్నారో కనుక్కోండి. 1954లో మొదలైన యూఈఎస్‌ఐ, అంతకన్నా పాతదైన ఎస్‌సీఎం, కాథలిక్ విద్యార్థుల ఐకఫ్ లాంటి క్రైస్తవ విద్యార్థి సంస్థలు దేశమంతటా క్యాంపస్‌లలో ఉన్నాయి. మీ క్యాంపస్‌లో ఇప్పటికే సెల్ గ్రూప్ (విద్యార్థుల చిన్న గుంపు) నడుస్తుంటే దాని పక్కనే ఇంకొకటి పెట్టడం కన్నా ఉన్నదానికి మీ మనిషిని, మీ గదిని ఇవ్వడం మంచిది. ఎనిమిదిమంది విద్యార్థుల కోసం నలుగురు సేవకులు పోటీ పడటం చూసే పిల్లలకు మంచి సాక్ష్యం కాదు.

2. మనిషిని ఎంచుకోవడం

పాటలు బాగా పాడతాడనో, మైకు ముందు బెదరడనో ఎంచుకోకండి. ఈ పనిలో మైకు అవసరం నెలకొకసారి రావచ్చు. కావాల్సింది ఒక పిల్లవాడి పక్కన గంట సేపు కూర్చుని వినగలిగే ఓపిక.

కనీసం డిగ్రీ పూర్తిచేసి ఉండాలి. బ్యాక్‌లాగ్, ఇంటర్నల్స్, అటెండెన్స్ కొరత అంటే ఏమిటో తెలియనివారికి విద్యార్థి భయం అర్థం కాదు. అప్పు ఉంటే ముందే తెలుసుకుని, తీర్చే దారి కలిసి చూడండి. సొంత సంఘంలో ఇప్పటికే ఇద్దరు ముగ్గురు చిన్నవాళ్లను దగ్గరికి తీసి నడిపిస్తున్నారా అన్నదే అన్నిటికన్నా మంచి గుర్తు. ఎవరూ చెప్పకుండా చేస్తున్నవారే నేర్పితే ఇంకా బాగా చేస్తారు.

అమ్మాయిల హాస్టళ్ల కోసం మగ సేవకుడిని పెట్టడం కుదరదు. భార్యాభర్తలిద్దరూ పనిచేసే ఏర్పాటు గానీ, ఒక సోదరి గానీ ఉండాలి. భార్యాభర్తలిద్దరితో పని చేయించుకుంటూ ఒక్కరికే డబ్బిచ్చే అలవాటు మన సంఘాల్లో ఉంది. అది న్యాయం కాదు, మానండి. సోదరికి జీతం విడిగా, ఆమె పేరున ఉన్న ఖాతాలోకే వెళ్లాలి.

3. మొదటి మూడు నెలలు: వినడం నేర్పండి

ఈ మూడు నెలలు కొత్త సేవకుడికి ప్రసంగం ఇవ్వొద్దు, కూడిక నడిపే బాధ్యతా ఇవ్వొద్దు. వారానికి ఐదుగురు విద్యార్థులను విడివిడిగా కలవాలి. కాకతీయ యూనివర్సిటీ గేటు దగ్గర టీ బండి అయినా, లైబ్రరీ బయటి మెట్లయినా సరే. తిరిగి వచ్చాక ప్రతి విద్యార్థి గురించి ఈ ఆరూ తన నోట్‌బుక్‌లో రాయాలి: ఏ ఊరు, ఏ కోర్సు, చదువు ఎలా సాగుతోంది, ఇంటి పరిస్థితి ఏమిటి, ఇప్పుడు దేనికి భయపడుతున్నాడు, దేవుని గురించి తనంతట తాను ఏమన్నాడు.

శిక్షకుడు వారానికొకసారి ఆ నోట్‌బుక్ తెరిపించి చూడాలి. చివరిది నిండుగా ఉండి పై ఐదూ ఖాళీగా ఉంటే సేవకుడు వినలేదు, ప్రసంగం చేసి వచ్చాడని అర్థం. నోట్‌బుక్‌లో పేరుకు బదులు మొదటి అక్షరం చాలు. బయట ఎక్కడైనా మర్చిపోయినా పిల్లలకు ఇబ్బంది రాకూడదు.

4. బైబిల్ స్టడీ నడపడం: శిక్షణలో సగం సమయం దీనికే

ఎక్కువ సమయం పట్టేది, ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. సంఘంలో పెరిగినవాళ్లకు బైబిల్ స్టడీ అంటే ఒకరు చెప్పడం, మిగతావాళ్లు ఆమెన్ అనడం. విద్యార్థులు రెండు వారాలు మర్యాదకు వస్తారు, మూడో వారం పరీక్షలున్నాయంటారు. వాళ్లే చదివి, వాళ్లే కనిపెట్టి, వాళ్ల నోటితో చెప్పినది మాత్రం వాళ్లతోనే ఉంటుంది.

మార్కు సువార్తతో మొదలుపెట్టండి. 16 అధ్యాయాలే, కథ వేగంగా నడుస్తుంది, బైబిల్ ఎప్పుడూ తెరవనివారికీ అర్థమవుతుంది. ఒక సెమిస్టర్‌కు 12 వారాలు దొరికితే ఈ వరుస సరిపోతుంది: 1:14-20, 1:40-45, 2:1-12, 2:13-17, 4:35-41, 5:24-34, 8:27-38, 10:17-31, 10:46-52, 14:32-42, 15:21-39, 16:1-8. పది వారాలే దొరికితే 2:13-17, 10:46-52 వదిలేయండి. చివరి మూడూ మాత్రం వదలొద్దు.

మొత్తం 45 నిమిషాలు. చదవడానికి 5, ఏం జరిగిందో చూడటానికి 15, దాని అర్థం మాట్లాడుకోవడానికి 15, మన సంగతికీ ప్రార్థనకూ 10. సమయానికి ముగించాలి. మెస్ మూసేస్తారన్న ఆందోళన ఉన్న పిల్లవాడు మీ మాట వినడు.

ప్రశ్నలు ముందే రాసుకోవాలి. 2:1-12 తీసుకుందాం. కపెర్నహూములో ఇంటి నిండా జనం, పక్షవాయువు గలవాడిని నలుగురు మోసుకొచ్చి కప్పు విప్పి దింపారు. కొత్త సేవకుడు సాధారణంగా రాసుకునే ప్రశ్నలు ఇలా ఉంటాయి: ‘యేసు ఏ ఊళ్లో ఉన్నాడు? ఎంతమంది మోసుకొచ్చారు? మనకు అలాంటి విశ్వాసం ఉందా?’ మొదటి రెండింటికీ ఒక్క మాట జవాబు, మూడోదానికి మౌనం. ఆ మౌనాన్ని నింపడానికి సేవకుడు ప్రసంగం మొదలుపెడతాడు.

బదులు ఇలా అడగాలి. ‘ఆ ఇంట్లో మీరు కూర్చుని ఉంటే ఏమేం కనబడేవి, ఏమేం వినబడేవి?’ అందరూ మాట్లాడతారు, ఎందుకంటే దీనికి తప్పు జవాబు లేదు. తర్వాత, ‘నడిపించమని తెచ్చారు కదా, యేసు ముందుగా పాపక్షమాపణ మాట ఎందుకు ఎత్తాడు?’ ఇక్కడ వాదన రావాలి, రానివ్వండి. చివర, ‘మీరు ఎవరినైనా అలా మోసుకెళ్లాల్సి వస్తే ఈ హాస్టల్లో అది ఎవరు?’ జవాబు చెప్పమని ఒత్తిడి పెట్టొద్దు. కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకున్నా చాలు.

సరిగ్గా జరిగిందో లేదో చూడటానికి తేలిక మార్గముంది. శిక్షకుడు మూలన కూర్చుని ఎవరు నోరు విప్పినా ఆ పేరు ఎదుట ఒక గీత గీయాలి. చివర్లో సేవకుడి గీతలు మొత్తంలో మూడో వంతు దాటితే స్టడీ ప్రసంగమైంది. ఒక్క గీతా పడని విద్యార్థి ఉంటే వచ్చేవారం చదివే పని అతనికి ఇవ్వాలి. ఈ లెక్క మొదటి నాలుగు వారాలు చేస్తే సేవకుడికే అలవాటైపోతుంది.

హిందూ కుటుంబాల పిల్లలు, ముస్లిం పిల్లలు, ఏ నమ్మకమూ లేదనేవాళ్లు వచ్చి కూర్చోవచ్చు. వాళ్ల ఎదుట ఇంకొకరి దేవుళ్లను చిన్నబుచ్చే మాట ఒక్కటీ రాకూడదు. అలాంటి మాట దొర్లితే శిక్షకుడు అదే రోజు, అయితే విడిగా పిలిచి, సరిదిద్దాలి. పిల్లలు సందేహం అడిగితే ‘తెలియదు, కనుక్కుని వచ్చేవారం చెప్తాను’ అనడం నేర్పండి. తెలియని సంగతిని తెలిసినట్టు చెప్పడం వల్ల పోయిన నమ్మకం తిరిగి రాదు.

5. గేటు దాటేముందు తెలుసుకోవాల్సిన చట్టం

రాజ్యాంగం 25వ అధికరణ మతాన్ని అవలంబించడానికి, ఆచరించడానికి, ప్రచారం చేయడానికి స్వేచ్ఛనిస్తుంది. శాంతిభద్రతలు, నైతికత, ప్రజారోగ్యం అనే హద్దులూ అందులోనే ఉన్నాయి. ప్రచారం చేసే హక్కు అంటే ఇంకొకరిని మతం మార్చే హక్కు కాదని సుప్రీంకోర్టు 1977లోనే చెప్పింది. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థల్లో మతబోధ చేయకూడదని 28వ అధికరణ చెబుతుంది. కాబట్టి క్లాసురూముల్లో కూడికలు వద్దు. ప్రభుత్వ సంక్షేమ హాస్టళ్లలోకి వెళ్లి కరపత్రాలు పంచడం వద్దు. విద్యార్థులే తమలో తాము స్నేహితులుగా కూర్చోవాలి. బయటివాళ్లతో కూడిక పెడితే అది క్యాంపస్ బయటి గదిలోనే జరగాలి.

ఇంకొకరి మత భావాలను కావాలని దెబ్బతీసే మాట భారతీయ న్యాయ సంహిత 299 కింద నేరం. రెండు వర్గాల మధ్య ద్వేషం రేపే మాట 196 కింద నేరం. వాట్సాప్ స్టేటస్‌లో పెట్టినా అది మాటే.

ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆలస్యమై ఇబ్బంది పడే పిల్లలు ఇక్కడ ఎప్పుడూ ఉంటారు. సహాయం చేయండి. అయితే ఆ సహాయం సేవకుడి చేతి మీదుగా వెళ్లకూడదు, కూడికకు రావడంతో దానికి ముడి ఉండకూడదు. సంఘంలోని ఇంకొక కమిటీ, మతం అడగకుండా ఇవ్వాలి. లేకపోతే డబ్బుతో ఆకర్షించారన్న నింద వస్తుంది. అంతకన్నా పెద్ద నష్టం, పిల్లవాడు ఎందుకు వస్తున్నాడో అతనికే తెలియకుండా పోతుంది.

బాప్తిస్మం మాట వచ్చినప్పుడు ప్రతి సేవకుడికీ తెలిసి ఉండాల్సిన సంగతి కుల ధ్రువపత్రం. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల్లో ఉన్నవారికే ఎస్సీ హోదా. క్రైస్తవులైన ఎస్సీలు తెలంగాణలో బీసీ-సీ కిందికి వస్తారు, దానికి 1 శాతం రిజర్వేషన్. ఎస్టీ హోదాకు ఇలాంటి మత షరతు లేదు. ఇది విద్యార్థి స్కాలర్‌షిప్పును, ఉద్యోగాన్ని, ఇంటి భవిష్యత్తును తాకే విషయం. ముందే ఉన్నదున్నట్టు చెప్పాలి, న్యాయవాదిని కలిపించాలి, ఆలోచించుకోవడానికి ఏడాది పట్టినా ఆగాలి. దాచిపెట్టమని సలహా ఇవ్వొద్దు. చదువుకునే పిల్లలకు సెమిస్టర్ మధ్యలో హడావుడిగా బాప్తిస్మం ఇప్పించి ఫొటో పెట్టే పనిని కమిటీ పూర్తిగా ఆపాలి.

6. క్యాలెండర్ ముందు, కార్యక్రమం తర్వాత

సంఘం క్యాలెండర్ వేరు, క్యాంపస్ క్యాలెండర్ వేరు. పీజీ విద్యార్థిని తీసుకోండి. పేరుకు రెండేళ్లు. పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ కౌన్సెలింగ్ అయి క్లాసులు కుదురుకునేసరికి మొదటి సెమిస్టర్ సగం గడుస్తుంది. నాలుగో సెమిస్టర్ ప్రాజెక్టుతో, ఉద్యోగ పరీక్షలతో పోతుంది. మీకు నిజంగా దొరికేది మధ్యలో రెండు సెమిస్టర్లు. అందుకే కొత్తవాళ్లు వచ్చిన మొదటి రెండు వారాలు సేవకుడు ఎక్కడికీ వెళ్లకూడదు. కన్వెన్షన్ ఉన్నా, బంధువుల పెళ్లి ఉన్నా సరే. హాస్టల్ రూము దొరకని పిల్లవాడికి నయీంనగర్‌లోనో భీమారంలోనో గది చూసిపెట్టడం ఆ రెండు వారాల్లో ఏ ప్రసంగం కన్నా ఎక్కువ చేస్తుంది.

బతుకమ్మ, దసరా సెలవులకు హాస్టళ్లు ఖాళీ. రెండేళ్లకోసారి మాఘమాసంలో వచ్చే మేడారం జాతర వారంలోనూ అంతే. ఆ రోజుల్లో పెద్ద కార్యక్రమం పెట్టుకుని ఎవరూ రాలేదని బాధపడకండి. మిడ్స్ వారంలో కూడిక ఆపి, టీ, బిస్కెట్లు పట్టుకుని చదువుకునే చోటికి వెళ్లి పది నిమిషాల్లో వచ్చేయాలి.

సెమీ క్రిస్మస్ గురించి గట్టిగా చెప్పాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పాటల ప్రాక్టీసు, చందాలు, స్టేజీ, బిర్యానీ. మూడొందల మంది వస్తారు, ఫొటోలు బాగుంటాయి. జనవరిలో బైబిల్ స్టడీకి మళ్లీ ఆ ఏడుగురే. ఏడాది బలం మొత్తం ఒక్క సాయంత్రానికి ఖర్చవుతోంది. పెట్టాలనిపిస్తే నలభైమందితో, రెండు గంటల్లో, ప్రతి విద్యార్థీ ఒక స్నేహితుడిని తెచ్చేలా పెట్టండి.

7. డబ్బు: స్పష్టంగా, బ్యాంకు ద్వారా, 1వ తేదీన

పెళ్లయి పిల్లలు లేని సేవకుడికి హనుమకొండలో ఒక నమూనా లెక్క ఇది. మీ వీధి అద్దెను బట్టి మార్చుకోండి. అద్దె 6,500. సరుకులు, గ్యాసు, పాలు 7,000. పెట్రోలు 2,500. ఫోను, నెట్ 600. ఆరోగ్య బీమా 1,200. విద్యార్థులకు టీ, భోజనం, పుస్తకాలు 2,500. ఊరు, ప్రయాణాలు 1,000. పొదుపు 2,000. అనుకోని ఖర్చు 1,700. మొత్తం 25,000. పిల్లలుంటే స్కూలు ఫీజు దీనికి అదనం.

విద్యార్థుల టీ, భోజనం పద్దును చాలా కమిటీలు కొట్టేస్తాయి. కొట్టేస్తే సేవకుడు సొంత సరుకుల డబ్బులోంచి పెడతాడు. ఇరవయ్యో తేదీకి ఇంట్లో గొడవ. ఆ పద్దు ఉండాల్సిందే.

25,000 కావాలంటే 30,000 దాకా హామీలు రాయించుకోండి. ప్రతి నెలా కొందరికి కుదరదు, అది సహజం. ఆ లోటును ఆరు నెలల నిధిలోంచి పూడ్చాలి గానీ సేవకుడి జీతం కోయకూడదు. ఇంటింటికీ తిరిగి వసూలు చేసే పని సేవకుడికి పెట్టొద్దు. అడుక్కున్నట్టు అనిపించి మనిషి కుంగిపోతాడు. సంఘం ఖాతా నుంచి ఇద్దరి సంతకాలతో, ప్రతి నెలా 1వ తేదీన అతని ఖాతాలో పడాలి. ఆదివారం కవర్లో పెట్టి ఇస్తే లెక్క ఉండదు.

విదేశాల్లో ఉన్న బంధువులు, స్నేహితులు ‘డైరెక్టుగా తమ్ముడి ఖాతాకు పంపుతాం’ అంటారు. ఒప్పుకోవద్దు. విదేశీ పౌరుల నుంచి, విదేశీ సంస్థల నుంచి పరిచర్యకు వచ్చే డబ్బు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) నమోదు ఉన్న సంస్థకే, అదీ ఢిల్లీ ఎస్‌బీఐ ప్రధాన శాఖలోని ఖాతాకే రావాలి. 2020 సవరణ తర్వాత ఆ సంస్థ దాన్ని ఇంకో సంస్థకు బదిలీ చేయడమూ కుదరదు. ఈ పని ఇక్కడి కుటుంబాల డబ్బుతోనే నడవాలని అనుకుని మొదలుపెట్టండి.

మొదటి నెలలోనే చేయించాల్సినవి: ఆరోగ్య బీమా, ఏడాదికి 20 రూపాయల పీఎం సురక్ష బీమా, 436 రూపాయల పీఎం జీవన్‌జ్యోతి బీమా, సేవకుడి పేరున పీపీఎఫ్ ఖాతా. పీపీఎఫ్‌కు ఏడాదికి 500 నుంచి లక్షన్నర దాకా కట్టవచ్చు, 15 ఏళ్లకు చేతికొస్తుంది. ముసలితనంలో సేవకులు చేయి చాచే పరిస్థితి మన కళ్ల ముందే ఉంది. అది ఈ తరంతో ఆగాలి.

ఒక పేజీ ఒప్పందం రాసుకోండి: పని ఏమిటి, జీతం ఎంత, వారంలో ఏ రోజు సెలవు, ఏడాదికి ఎన్ని సెలవులు, ఎవరికి జవాబుదారీ, మానేయాలంటే ఇరువైపులా మూడు నెలల ముందు చెప్పడం. ఆదివారం సంఘంలో పని ఉంటుంది కాబట్టి సోమవారం సెలవివ్వండి. సోమవారం పొద్దున్నే ‘కుర్చీలు సర్దాలి, ఒకసారి రా తమ్ముడూ’ అని ఫోన్ చేయకండి.

8. నెలనెలా తోడుండటం

నెలకొకసారి కమిటీలో ఇద్దరు సేవకుడి ఇంటికే వెళ్లి గంటన్నర కూర్చోవాలి. మొదటి అరగంట రిపోర్టు ఊసే వద్దు. నిద్ర ఎలా ఉంది, ఇంట్లో ఎలా ఉంది, సొంతంగా వాక్యం చదువుకుంటున్నావా, ఎవరి మీదైనా కోపంగా ఉందా అని అడగండి. మహిళా సభ్యురాలు అతని భార్యతో విడిగా మాట్లాడాలి. ఇబ్బందులు ముందు తెలిసేది ఆమెకే.

తర్వాత రిపోర్టు. ఎంతమంది వచ్చారన్న అంకె ఒక్కటే అడిగితే అంకెలు పెరుగుతాయి, పని పెరగదు. ఎంతమందిని విడిగా కలిశావు, స్టడీ నడపడం ఏ విద్యార్థికి నేర్పుతున్నావు, ఈ నెల ఎవరు రావడం మానేశారు, ఎందుకు మానేశారు అని అడగండి.

భద్రతకు నాలుగు నియమాలు రాసి సంతకం పెట్టించండి. ఎదుటి లింగానికి చెందిన విద్యార్థితో తలుపు మూసిన గదిలో ఒంటరిగా కూర్చోకూడదు. రాత్రి 10 దాటాక వ్యక్తిగత చాటింగ్ వద్దు, ప్రాణాపాయం తప్ప. విద్యార్థుల నుంచి అప్పు తీసుకోవద్దు, ఇవ్వొద్దు. విద్యార్థుల పేర్లు, ఫొటోలు, సాక్ష్యాలు వాళ్ల రాతపూర్వక ఒప్పుకోలు లేకుండా ఏ గ్రూపులోనూ పెట్టొద్దు. చివరిది అందరూ తేలిగ్గా తీసుకుంటారు. ప్రార్థన మనవి అని పెట్టిన ఒక్క మెసేజ్ మూడు గ్రూపులు దాటి ఆ అమ్మాయి ఇంటికి చేరితే ఆమె చదువే ఆగిపోవచ్చు.

చనిపోవాలనిపిస్తోందని విద్యార్థి అన్నా, అలా ఉన్నాడని సేవకుడికి అనిపించినా, నేరుగా ‘చనిపోవాలన్న ఆలోచన వస్తోందా?’ అని అడగాలి. అలా అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు. ఒంటరిగా వదలకూడదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయాలి, 24 గంటలూ ఉచితం. ప్రమాదం దగ్గర్లో ఉందనిపిస్తే ఎంజీఎం ఆసుపత్రికి వెంటబెట్టుకుని వెళ్లాలి. ప్రార్థన చేయండి, తప్పకుండా చేయండి. దాని పేరున మందులు ఆపించడం, దయ్యం పట్టిందనడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు.

9. ఫలితం ఎలా చూడాలి, పనిని ఎలా అప్పగించాలి

ఆరు నెలలకు: సేవకుడు 20 మంది విద్యార్థుల ఊరు, చదువు, భయం చూడకుండా చెప్పగలగాలి. ఏడాదికి: అతను ఊళ్లో లేని వారం కూడా స్టడీ జరగాలి. జరగకపోతే గుంపు అతని చుట్టూ అల్లుకుందని అర్థం. వచ్చే మూడు నెలలు అతను మాట్లాడటం తగ్గించి ఇద్దరు విద్యార్థులకు నడపడం నేర్పాలి. రెండేళ్లకు: చదువు ముగించి వెళ్లినవాళ్లలో ఎంతమంది తమ ఊళ్లో, ఉద్యోగం దొరికిన చోట ఒక సంఘంలో నిలబడ్డారో చూడండి. క్యాంపస్‌లో చురుగ్గా ఉండి హైదరాబాద్ వెళ్లగానే కనబడకుండా పోతుంటే, సేవకుడు వాళ్లను తనకు కట్టేసుకున్నాడు గానీ సంఘానికి కట్టలేదు. చివరి సెమిస్టర్‌లోనే వాళ్లు వెళ్లబోయే ఊళ్లో ఒక పాస్టర్ గారి నంబరు ఇచ్చి, ముందే ఒకసారి మాట్లాడించాలి.

నాలుగైదేళ్లకు సేవకుడు ఇంకో పనికి వెళ్లవచ్చు. దాన్ని ద్రోహంగా చూడకండి. చివరి మూడు నెలలు కొత్తవారితో కలిసి తిరగాలి, ప్రతి విద్యార్థికీ స్వయంగా పరిచయం చేయాలి. గది తాళాలు, నిధి లెక్క, విద్యార్థుల వాట్సాప్ గ్రూపు అడ్మిన్ కమిటీ సమక్షంలో చేతులు మారాలి. నోట్‌బుక్ మాత్రం అప్పగించొద్దు. అందులోని మాటలు పిల్లలు ఒక మనిషిని నమ్మి చెప్పినవి. కొత్తవారు మళ్లీ మొదటి మూడు నెలల వినికిడితోనే మొదలుపెట్టాలి. పాత నోట్‌బుక్‌ను కమిటీ ముందే చించి కాల్చేయండి.